రోస్టర్ రాసే చేతికి ఆధారాలు: ఒడిశా సరిహద్దు స్టేషన్లలో ఏఎస్‌ఐ, ఎస్‌ఐల కోసం సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు పోలీసు ఉద్యోగాల్లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఇంట్లో తెలుగు, స్టేషన్ డైరీలో ఒడియా, పైకి పంపే రిపోర్టులో సగం ఇంగ్లిష్. ఈ మార్గదర్శి వాళ్లలో ఒక వర్గం కోసం: ఔట్‌పోస్టు నడిపే ఏఎస్‌ఐలు, షిఫ్టు చూసే ఎస్‌ఐలు, కొత్తగా ఐఐసీ (స్టేషన్ బాధ్యత చూసే ఇన్‌స్పెక్టర్) కుర్చీలో కూర్చున్నవాళ్లు. సాయంత్రం వ్యాన్ ఎక్కడ ఆగాలో, ఎవరు దిగి నడవాలో తేల్చేది వీళ్లే.

పోలీసు పద్ధతుల్లో ఏది ఫలితమిస్తుందో పరీక్షించి, ఆ ఫలితాన్ని బట్టి పని చేయాలన్న ఆలోచనకు 1998లో అమెరికా నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ ఒక రూపం ఇచ్చారు. 2013లో ఆయనే దాన్ని మూడు పనులుగా విడదీశారు. ఎక్కడ గురిపెట్టాలో తేల్చుకోవడం, ఎంచుకున్న పద్ధతి పనిచేస్తుందో లేదో పరీక్షించడం, చెప్పింది చెప్పినట్టు జరుగుతోందో లేదో వెంటపడి చూడటం. మూడూ స్టేషన్ స్థాయిలో జరిగే పనులే. పరిశోధనలు పైఆఫీసుకు సర్క్యులర్ల రూపంలో చేరతాయి, రోస్టర్ (డ్యూటీల పట్టిక) దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. రాజస్థాన్‌లో 11 జిల్లాల్లోని 162 పోలీస్ స్టేషన్లలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఐపీఎస్ అధికారి నీనా సింగ్ తదితరులు కలిసి ఒక పెద్ద ప్రయోగం చేశారు. సిబ్బందికి శిక్షణ, బదిలీలు ఆపడం, మామూలు ఫిర్యాదుదారుల్లా మనుషుల్ని స్టేషన్‌కి పంపి కేసు తీసుకుంటారో లేదో చూడటం అనే మూడూ పనిచేశాయి. వారాంతపు సెలవు, డ్యూటీల మార్పిడి, స్టేషన్‌లో ఊరి పరిశీలకుల్ని కూర్చోబెట్టడం మాత్రం పెద్దగా ఫలితం చూపలేదు. కారణం ఏమిటంటే, పనిచేసినవాటికి స్టేషన్ స్థాయి అధికారుల రోజువారీ సహకారం అక్కర్లేదు. పనిచేయనివాటికి ఆ సహకారమో ఊరివాళ్ల సహకారమో తప్పనిసరి. అది అందక అవి సరిగ్గా అమలే కాలేదు. మధ్యలో ఉన్న అధికారి పట్టించుకోకపోతే ఎంత మంచి పథకమైనా కాగితం మీదే ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

1. ముందు ఒక్క ప్రశ్న

"నేరాలు తగ్గించాలి" అన్నది ప్రశ్న కాదు. "బస్టాండు పక్కన సాయంత్రం పూట పోతున్న బైకులు, వ్యాన్ వచ్చి కాసేపు ఆగితే తగ్గుతాయా?" అన్నది ప్రశ్న. అందులో నేరం, చోటు, వేళ, పద్ధతి నాలుగూ ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా చివరికి మీ చేతిలో మిగిలేది అభిప్రాయమే.

మొదటి ప్రయత్నానికి హత్యలు, దోపిడీలు పెట్టుకోవద్దు. మన స్టేషన్లలో అవి ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని జరుగుతాయి. ఒకటి తగ్గినా రెండు పెరిగినా దాని నుంచి తెలిసేది ఏమీ లేదు. తరచూ జరిగేవి తీసుకోండి: బైకుల దొంగతనాలు, సంతలో సెల్‌ఫోన్లు కొట్టేయడం, బ్రాందీ షాపు ముందు కొట్లాటలు, రాత్రిపూట రోడ్డు ప్రమాదాలు.

సరిహద్దు అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది గంజాయి. గజపతి కొండల నుంచీ, కొరాపుట్, మల్కన్‌గిరి నుంచీ ఆంధ్ర వైపు దిగే సరుకు గురించి రోజూ పేపర్లో చూస్తూనే ఉంటాం. అయినా దాన్ని మొదటి ప్రశ్నగా పెట్టుకోవద్దనే నా సలహా. పట్టుబడిన కిలోలు పెరిగితే రవాణా పెరిగినట్టా, తనిఖీలు పెరిగినట్టా, మంచి ఇన్ఫార్మర్ దొరికినట్టా? కిలోలు మీరు పడ్డ శ్రమను కొలుస్తాయి. రోడ్డు మీద పోయే సరుకును కొలవవు. ప్రెస్‌మీట్‌కి పనికొచ్చే లెక్క, పరీక్షకు పనికిరాదు.

2. లెక్కలు తెచ్చుకోవడం

అన్నిటికంటే ఓపిక కావలసింది ఇక్కడే.

సీసీటీఎన్ఎస్‌లో (పోలీసుల కంప్యూటర్ రికార్డులో) ఉన్న ఎఫ్‌ఐఆర్‌లు కథలో ఒక ముక్క మాత్రమే. స్టేషన్ డైరీలో రాసి వదిలేసినవి, 112కి వచ్చిన ఫోన్లు, పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసిన గొడవలు, ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వచ్చిన దెబ్బల కేసులు, వీటన్నిటినీ ఒకచోటికి చేర్చాలి. కనీసం గడిచిన 12 నెలలవి కావాలి. అంతకంటే తక్కువైతే పండగలు, వానలు, వలసలు లెక్కను తికమక పెడతాయి.

సరిహద్దు స్టేషన్‌కి ఇంకో చిక్కు ఉంది. సగం లెక్క మీ దగ్గర ఉండదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం. ఇక్కడ పోయిన బండి గురించి అక్కడ ఫిర్యాదు చేసేవాళ్లు ఉంటారు, అక్కడ పోయింది ఇక్కడ దొరుకుతుంది. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే రైలు పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా పోతుంది. ప్లాట్‌ఫాం మీద పర్సు పోతే అది రైల్వే పోలీసుల ఖాతాలోకి వెళ్తుంది, స్టేషన్ బయట ఆటోస్టాండులో పోతే మీ ఖాతాలోకి వస్తుంది. దొంగ ఒక్కడే, పుస్తకాలు మూడు. బరంపురం వైపు జాతీయ రహదారి 16 మీద గిరిసోల, ఇచ్ఛాపురం మధ్య కూడా ఇదే కథ.

ఊరి పేర్లతో జాగ్రత్త. పర్లాకిమిడి అనే ఒక్క పేరునే తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా, ఇంగ్లిష్‌లో ఇంకో రెండు మూడు రకాలుగా రాస్తారు. కొండ మీది పల్లెల సంగతి ఇక చెప్పక్కర్లేదు. రైటరు మారినప్పుడల్లా స్పెల్లింగూ మారుతుంది. కంప్యూటర్ దృష్టిలో అవన్నీ వేరువేరు ఊళ్లు. అందుకని లెక్క మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద చోట్ల పేర్లు ఖాయం చేసుకోండి. "బస్టాండు" అంటే చాలదు. "బస్టాండు వెనక సైకిల్ స్టాండు గేటు" అని ఉండాలి.

ఇంకో మాట ముందే చెప్పాలి. కేసులు తగ్గితే మెచ్చుకుని, పెరిగితే మెమో ఇచ్చే స్టేషన్‌లో ఏ లెక్కనూ నమ్మలేం. ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపడం అక్కడే మొదలవుతుంది. మధ్యప్రదేశ్‌లో 180 పోలీస్ స్టేషన్లలో మహిళా హెల్ప్‌డెస్కుల మీద జరిగిన ప్రయోగంలో, డెస్కులు పెట్టినచోట మహిళల ఫిర్యాదుల నమోదు పెరిగింది, మహిళా పోలీసులు నడిపినచోట ఇంకా ఎక్కువ. ఆ పెరుగుదలే అక్కడ విజయం. మీ స్టేషన్‌లో కూడా పరీక్ష మొదలైన కొత్తలో అంకెలు పెరిగితే కంగారు పడకండి. మీ ఐఐసీకీ, ఎస్‌డీపీఓకీ (సబ్‌డివిజన్ పోలీసు అధికారికీ) ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి. పెరిగాక చెబితే సాకులా వినిపిస్తుంది.

"అది మా పరిధి కాదు, అవతల స్టేషన్‌కి వెళ్ళు" అనే మాట కూడా లెక్కను చెడగొట్టేదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి బదిలీ చేయాలి. రాష్ట్రం మారినా అంతే. మీ డెస్కు దగ్గర కూర్చునేవాళ్లకు ఇది తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి.

3. మ్యాపు

సాఫ్ట్‌వేర్ కోసం ఆగక్కర్లేదు. స్టేషన్ పరిధి మ్యాపు పెద్దది ప్రింటు తీయించి, స్కెచ్‌పెన్‌తో చుక్కలు పెట్టండి. వేళను బట్టి రంగు మార్చండి. 1980ల్లో అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో ఏడాదిపాటు పోలీసులకు వచ్చిన ఫోన్లను చిరునామాల వారీగా లెక్కపెడితే, నగరంలోని సుమారు 3 శాతం చిరునామాల నుంచే సగం ఫోన్లు వచ్చాయని తేలింది. ఆ తర్వాత ఎన్నో నగరాల్లో ఇలాంటి గుంపే కనిపించింది. మన దగ్గర అంకె వేరుగా ఉండొచ్చు. కానీ "ఆ ఊరు మంచిది కాదు" అని ఊరు మొత్తానికి పేరుపెట్టే అలవాటు చుక్కలు పెట్టగానే వదిలిపోతుంది. ఊరంతా ప్రశాంతంగానే ఉంటుంది, ఒక బ్రాందీ షాపు, దాని పక్క సందు మాత్రం రంగులతో నిండిపోతాయి.

అలాంటి చోట్లు ఆరో ఎనిమిదో ఎంచుకోండి. ఒక్కొక్కటి ఒక కానిస్టేబుల్ నిలబడి చుట్టూ చూస్తే కనబడేంతే ఉండాలి.

4. ఇప్పటికే తెలిసిందేమిటి

కొత్తగా ఏదో కనిపెట్టేముందు, ఇతరులు డబ్బు, కాలం ఖర్చుపెట్టి తెలుసుకున్నది చూసుకోవాలి. గస్తీకి సంబంధించి మూడు సంగతులు చాలు.

ఒకటి, ఊరికే తిరగడం వల్ల లాభం కనబడలేదు. 1972-73లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో 15 బీట్లను మూడు భాగాలు చేసి, ఐదింటిలో మామూలు గస్తీ, ఐదింటిలో రెండు మూడు రెట్ల గస్తీ, ఐదింటిలో పిలిస్తే తప్ప వెళ్లని పద్ధతి పెట్టారు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జనానికి ఆ మార్పు తెలియను కూడా తెలియలేదు. మన వ్యాన్లు రాత్రంతా కిలోమీటర్లు నింపుతూ తిరిగే తిరుగుడు ఇలాంటిదే.

రెండు, గురిపెట్టి వెళ్లడం వల్ల లాభం ఉంది. 1988-89లో మిన్నియాపొలిస్‌లోనే నేరాలు పోగుపడ్డ 110 చోట్లను తీసుకుని, అందులో సగానికి గస్తీ పెంచితే, అక్కడి నుంచి నేరాల గురించి వచ్చే ఫోన్లు 6 నుంచి 13 శాతం దాకా తగ్గాయి. ఆ సమాచారాన్నే మళ్లీ తవ్విన క్రిస్టఫర్ కోపర్ 1995లో ఇంకో విషయం చెప్పారు. పోలీసు ఒకచోట ఆగి వెళ్లిపోయాక ఆ ప్రభావం కాసేపు ఉంటుంది. ఆగిన సమయం 10 నిమిషాలు దాటితే ఆ ప్రభావం బాగా పెరుగుతుంది, సుమారు 15 నిమిషాల దగ్గర గరిష్ఠానికి చేరుతుంది. ఆపైన నిలబడితే అదనపు లాభం తగ్గిపోతుంది. అంటే ఒకేచోట రెండు గంటల పికెట్ కంటే, ఎనిమిది చోట్ల పదిహేనేసి నిమిషాలు మేలు.

మూడోది మన దేశానిదే, సరిహద్దులో పనిచేసేవాళ్లకు అచ్చంగా పనికొచ్చేది. రాజస్థాన్‌లో తాగి నడిపేవాళ్లను పట్టుకునే తనిఖీలను రెండు రకాలుగా పెట్టి చూశారు. కొన్ని స్టేషన్లలో ఎప్పుడూ ఒకే మంచి పాయింటులో నాకా (రోడ్డు మీద బండ్లు ఆపి చేసే తనిఖీ). మరికొన్నింటిలో మూడు పాయింట్ల మధ్య మార్చుతూ నాకా. ఒకేచోట పెట్టినవాటికి ఫలితం కనబడలేదు. మార్చుతూ పెట్టినచోట రాత్రి ప్రమాదాలు 17 శాతం, రాత్రి మరణాలు 25 శాతం తగ్గాయి. నాకా ఎక్కడుందో తెలిసిపోతే డ్రైవర్లు పక్కదారి పడతారు. రాయగడ నుంచి పార్వతీపురం వైపు వెళ్లే రోడ్డు మీదైనా, పాతపట్నం రోడ్డు మీదైనా, ఏ టీ కొట్టులో అడిగినా చెక్‌పోస్టు తప్పించుకునే పల్లెదారి చెబుతారు. అయినా ఏళ్ల తరబడి డ్రమ్ములు అక్కడే ఉంటాయి, టెంటు అక్కడే ఉంటుంది.

పనిచేయవని తేలినవీ ఉన్నాయి. దారి తప్పుతున్న పిల్లల్ని జైలుకి తీసుకెళ్లి ఖైదీలతో భయపెట్టించే కార్యక్రమాలు అమెరికాలో ఏళ్లపాటు నడిచాయి. పరీక్షించి చూస్తే ఆ పిల్లల్లో నేరాలు తగ్గకపోగా పెరిగాయి. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, మొదలుపెట్టేముందు ఎవరూ పరీక్షించలేదు, అంతే.

అయితే మిన్నియాపొలిస్‌లో పనికొచ్చింది గుణుపూర్‌లో పనికొస్తుందని రాసిపెట్టి లేదు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వ్యాన్ వెళ్లడానికే మనకి అరగంట పట్టొచ్చు. అందుకే తర్వాతి మెట్లు.

5. రోస్టర్‌లో వాక్యం, రోల్‌కాల్‌లో మాట

"సంత ఏరియాలో గస్తీ ముమ్మరం చేయాలి" అన్న ఆర్డరుకి అర్థం లేదు. ఎంత ముమ్మరం, ఎవరు, ఎప్పుడు? రోస్టర్‌లో వాక్యం ఇలా ఉండాలి: "వ్యాన్ 2: సాయంత్రం 6 నుంచి 10 లోపు చోట్లు 1, 4, 5, 7. ఈ రోజు వరస 5, 1, 7, 4. ప్రతిచోటా 15 నిమిషాలు. ఇద్దరూ దిగి నడవాలి. వచ్చిన వేళ, వెళ్లిన వేళ వైర్‌లెస్‌లో చెప్పాలి." వరస రోజుకొకలా మార్చండి. దొంగకీ వాచీ ఉంటుంది.

చదివి వినిపించి వదిలేస్తే సరిపోదు, ఎందుకో చెప్పాలి. రోల్‌కాల్‌లో (డ్యూటీకి ముందు హాజరు వేళ) సీనియర్ హవల్దార్ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది.

"పదిహేను నిమిషాలు అక్కడ నిలబడి ఏం చెయ్యమంటారు సార్?"

"నిలబడొద్దు హవల్దార్ గారూ, నడవండి. స్టాండు చివరిదాకా వెళ్ళండి. టీ కొట్టాయనతో రెండు మాటలు మాట్లాడండి. హ్యాండిల్ లాక్ వెయ్యని బండి కనిపిస్తే ఓనర్ని పిలిచి చెప్పండి. టైమవగానే సెట్‌లో చెప్పి కదలండి."

"మధ్యలో 112 కాల్ వస్తే?"

"ఇది వదిలేసి పరిగెత్తండి. 'కాల్ వల్ల ఆగలేదు' అని మాత్రం రాయండి. ఆగలేదని దాచొద్దు."

ఆ చివరి మాట ముఖ్యం. ఆగనిదాన్ని ఆగినట్టు రాస్తే మీ పరీక్ష మొత్తం అబద్ధమవుతుంది. కాబట్టి ఆగలేదని రాసినందుకు ఎవరినీ తిట్టకూడదు. చోట్లు ఎంచుకునేటప్పుడు కూడా కానిస్టేబుళ్లనూ, గ్రామరక్షినీ (ఊరి కాపలాదారునీ), హోంగార్డులనూ అడగండి. మ్యాపు చెప్పనిది వాళ్లు చెబుతారు, ఫలానా షాపు శనివారం తీయడు లాంటివి. అడిగి వేసిన డ్యూటీని మనసుపెట్టి చేస్తారు.

సిబ్బంది సరిపోరన్నది నిజమే. అందుకే ఇది అదనపు డ్యూటీ కాకూడదు. ఇప్పుడు ఊరికే తిరుగుతున్న గంటల్లోంచి తీసిన సమయంతోనే నడవాలి. వారం సెలవు కోసి ప్రయోగం చేస్తే రెండో వారానికే అందరూ దాన్ని తిట్టుకుంటారు, మూడో వారానికి డైరీలో వేళలు ఇంట్లో కూర్చుని రాస్తారు.

6. చీటీ తీయడం

చాలామంది అధికారులు ఇక్కడికొచ్చి ఆగిపోతారు. బాగా గొడవగా ఉన్న చోటికి ఫోర్సు పంపుతాం, నెల తర్వాత తగ్గుతుంది, "చూశారా" అంటాం. కానీ అది మనవల్లే తగ్గిందా?

ఏ చోటైనా మామూలుకంటే బాగా ఎక్కువైనప్పుడే మన కంట పడుతుంది. అక్కడి నుంచి అది తనంతట తానే మామూలుకి దిగే అవకాశం ఎక్కువ. రాయగడ మజ్జిగౌరి గుడి దగ్గర చైత్రం ఉత్సవాల్లో జేబుదొంగతనాలు పెరుగుతాయనుకోండి. ఉత్సవం అయ్యాక పికెట్ పెడితే, పికెట్ పెట్టినా పెట్టకపోయినా అవి తగ్గుతాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ మొరుగుడికే దొంగలు పోయారని రిపోర్టు రాయడం ఇంకా అన్యాయం.

దీనికి మందు పోలిక. మీ ఎనిమిది చోట్లను గత ఏడాది లెక్కల్ని బట్టి జతలు చేయండి. దాదాపు సమానంగా ఉన్నవి రెండేసి, మొత్తం నాలుగు జతలు. ప్రతి జతలో ఏది కొత్త పద్ధతికి, ఏది పాత పద్ధతికి అన్నది చీటీ తీసి తేల్చండి. అందరి ముందూ తీయండి. మీకు నచ్చిన చోటు ఎంచుకుంటే, తెలియకుండానే గెలిచే గుర్రం మీదే పందెం కాస్తారు. అన్ని చోట్లూ లేకపోతే వారాల వారీగా చేయొచ్చు: ఈ వారం కొత్త పద్ధతా, పాత పద్ధతా అన్నది నాణెం ఎగరేసి. సంతరోజును సంతరోజుతోనే పోల్చాలి, ఆదివారాన్ని ఆదివారంతోనే.

కనీసం 12 వారాలు నడపండి. మధ్యలో వీఐపీ బందోబస్తు వస్తుంది, బరంపురంలో ఠాకురాణి జాతరకి ఫోర్సు పంపమంటారు, ఎన్నికలొస్తాయి. ఆ రోజుల్ని తీసేయకండి, గుర్తుపెట్టి ఉంచండి.

పాత పద్ధతి చోట్లకు అన్యాయం జరుగుతోందా అని ఎవరైనా అడుగుతారు. జరగదు. ఫోన్ వస్తే అన్ని చోట్లకూ ఒకేలా వెళ్తాం. మారేది అదనపు ఆగుడు మాత్రమే. ఈ మాట కాగితం మీద రాసి, ఐఐసీ, ఎస్‌డీపీఓల అనుమతి ముందే తీసుకోండి.

ఇక ఫలితం చదవడం. కొత్త పద్ధతి చోట్లలో 9, పాతవాటిలో 12 వస్తే సంబరపడొద్దు. నాణేన్ని 21 సార్లు ఎగరేస్తే 9 బొమ్మలు, 12 బొరుసులు పడటం మామూలు సంగతి. అదే 6, 20 వస్తే ఆలోచించాలి. 26 సార్లు ఎగరేస్తే ఇంత ఎగుడుదిగుడు, ఏ వైపుకైనా కానీ, నూటికి ఒక్కసారి కూడా రాదు. స్టేషన్ స్థాయిలో ఈపాటి లెక్క చాలు. తేడా చిన్నదైతే "తేడా తేలలేదు" అని రాయండి. అలా రాసిన రిపోర్టు నాకు ఇంతవరకూ ఎక్కడా కనిపించలేదు. అది కనిపించిన రోజు ఆ జిల్లాలో పని మొదలైందని నమ్ముతాను.

7. వెంటపడి చూడటం

అమెరికాలోని సాక్రమెంటోలో 2011లో 42 చోట్ల మీద 90 రోజుల గస్తీ ప్రయోగం జరిగింది. దాన్ని నడిపించింది బయటి ప్రొఫెసర్లు కాదు, రెనే మిచెల్ అనే సార్జెంట్. మన లెక్కలో ఎస్‌ఐ స్థాయి అనుకోవచ్చు. పదిహేనేసి నిమిషాలు ఆగిన చోట్ల ఫోన్లు తగ్గాయి. ఆ స్థాయి అధికారి చేయగలరనడానికి ఆమె పేరు గుర్తుంచుకోవాలి.

మీరు చూడవలసింది మూడు చోట్ల. వ్యాన్ జీపీఎస్ ఉంటే దాని రికార్డు, వైర్‌లెస్‌లో చెప్పిన వేళలు, మీ సొంత కళ్లు. వారంలో రెండు మూడుసార్లు చెప్పకుండా ఆ చోటికి వెళ్లండి. తప్పు పట్టడానికి కాకుండా కలిసి నడవడానికి వెళ్లండి. ఆగవలసినవాటిలో నూటికి ఎన్ని నిజంగా ఆగారో ప్రతి వారం రోల్‌కాల్‌లో చెప్పండి. సగం కూడా ఆగకపోతే పద్ధతి పనిచేయలేదని రాయకండి, పద్ధతి అమలు కాలేదని రాయండి. రెండూ వేరు.

రంగంలో కనిపించే అధికారి కింద సిబ్బంది ఎక్కువ పని చేస్తారని రాబిన్ ఎంగెల్ అనే పరిశోధకురాలు అమెరికాలో చూపించారు. అదే అధ్యయనంలో ఇంకో సంగతీ ఉంది. అలాంటి చురుకైన అధికారులూ, వాళ్ల సిబ్బందీ బలప్రయోగం కూడా ఎక్కువ చేశారు. ముందుండి నడిపేవాడు లాఠీ ఎత్తితే వెనకవాళ్లు రెండు ఎత్తుతారు. కాబట్టి మీ సిబ్బంది ఒకచోట ఎన్ని నిమిషాలు ఆగారన్నదే కాదు, ఎలా మాట్లాడారన్నదీ చూడాలి.

8. ఆపినప్పుడు మాట

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో తాగి నడిపేవాళ్ల తనిఖీల్లో పోలీసులకి ఒక చిన్న కార్డు ఇచ్చి, అందులో ఉన్నట్టు మాట్లాడించారు. ఆ మాటలు విన్న డ్రైవర్లకు పోలీసుల మీద అభిప్రాయం మెరుగుపడింది. అమెరికాలోని సియాటిల్‌లో అధికారులు తమ సిబ్బందితో అదే మర్యాదతో, కూర్చోబెట్టి, ఒక సంఘటన గురించి వాళ్ల వైపు కథ విన్నారు. అలా విన్నవాళ్లు ఆ తర్వాత వీధిలో అరెస్టులు, బలప్రయోగం తక్కువ చేశారు. మీరు రోల్‌కాల్‌లో హవల్దార్‌తో ఎలా మాట్లాడతారో, ఆయన నాకా దగ్గర రైతుతో అలాగే మాట్లాడతాడన్నమాట.

మన నాకా దగ్గర భాష కూడా ఒక సమస్య. ఆపే కానిస్టేబుల్‌కి ఒడియా, ఆగిన లారీ డ్రైవర్‌కి తెలుగు, వెనక సంతకి పోయే అమ్మకి సవర, ఇంకా వెనక వచ్చేవాళ్లకి కువి. అర్థం కాని మాట గట్టిగా అరిస్తే తిట్టులా వినిపిస్తుంది. అందుకని నాలుగు వాక్యాలు కార్డు మీద రాయించి, ఆ భాష వచ్చిన సిబ్బంది చేతే చెప్పించి సాధన చేయించండి. తెలుగు కార్డు ఇలా ఉండొచ్చు:

"నమస్కారమండీ. ఈ రోడ్డు మీద రాత్రి ప్రమాదాలు ఎక్కువగా జరుగుతున్నాయి, అందుకని వచ్చిన ప్రతి బండినీ ఆపుతున్నాం. ఒక్క నిమిషం ఈ మిషన్లో ఊదండి. మీరేమైనా చెప్పాలనుకుంటే చెప్పండి, వింటాను. ఆగినందుకు థాంక్స్, జాగ్రత్తగా వెళ్లండి."

"ప్రతి బండినీ" అని చెప్పి, తెలిసినవాళ్ల కారుని వదిలేస్తే కార్డు చించేయడం మేలు.

బాధితుల విషయంలోనూ ఒక లెక్క పెట్టుకోండి. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లోగా వాళ్లకి తెలియజేయాలని కొత్త సంహిత సెక్షన్ 193 చెబుతోంది. ఫోన్‌లో చెప్పినా సరే. ఎన్నిటికి చెప్పారో, ఎన్నిటికి చెప్పలేదో నెలకోసారి లెక్కపెడితే చాలు.

9. ఏటి అవతలి స్టేషన్

ఒకచోట గట్టిగా పట్టుకుంటే నేరం పక్కకి జరుగుతుందన్న భయం పోలీసుల్లో పాతది. అమెరికాలోని జెర్సీ సిటీలో దీన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. పక్క వీధులకు నేరం పోలేదు, పైగా అక్కడ కూడా కొంత తగ్గింది. అయితే అక్కడ ఒక్కటే పోలీసు విభాగం, ఒక్కటే రికార్డు. ఇక్కడ పది నిమిషాలు బండి నడిపితే రాష్ట్రం మారిపోతుంది, పోలీసు మారిపోతాడు, కంట్రోల్ రూం మారిపోతుంది. ఆ ఫలితాన్ని నమ్ముకుని ఊరుకోకుండా లెక్క చూసుకోవాలి.

నెలకోసారి అవతలి స్టేషన్‌లో మీ స్థాయి అధికారితో అరగంట కూర్చోండి. సరిహద్దు సమావేశాలు ఎస్పీల స్థాయిలో జరుగుతూనే ఉంటాయి. అక్కడ బొకేలు, ఫోటోలు. మీకు కావలసింది వేరు: ఈ నెల పోయిన బైకుల ఛాసిస్ నంబర్లు, దొరికిన బైకుల నంబర్లు, ఏ వేళ, ఏ చోటు. మీ 12 వారాల్లో వాళ్ల దగ్గర బైకుల దొంగతనాలు పెరిగాయా? పెరిగితే అదీ మీ ఫలితంలో భాగమే. నిజాయితీగా రాయండి. కుదిరితే తర్వాతి విడత వాళ్లతో కలిపి చేయండి. చీటీలు రెండు స్టేషన్ల చోట్లను కలిపి తీయొచ్చు. తెలుగు రెండు వైపులా నడుస్తుంది కాబట్టి మాట్లాడుకోవడం కష్టం కాదు. కాగితం మాత్రం ఒడియా నుంచి ఒకరు, తెలుగు నుంచి ఒకరు ఇంగ్లిష్‌లోకి మార్చాలి, ఎస్‌డీపీఓల ద్వారా పంపాలి.

10. ఫైలు

మీకు బదిలీ వస్తుంది. ఎప్పుడన్నది మాత్రమే తెలియదు. మీతోపాటు మీకు తెలిసింది కూడా వెళ్లిపోతే, వచ్చే అధికారి మళ్లీ మొదటి చుక్క నుంచి మొదలుపెడతాడు. అందుకని మొదటి రోజు నుంచే ఒక ఫైలు పెట్టండి, దాన్ని చార్జి అప్పగించే జాబితాలో చేర్పించండి.

అందులో ఉండవలసినవి: చోట్ల పేర్లు ఖాయం చేసిన కాగితం, మ్యాపు, చీటీ తీసిన రోజు అందరూ సంతకం పెట్టిన పత్రం, రోస్టర్ కాపీలు, వారం వారం ఎంతవరకు అమలైందన్న లెక్క, చివర ఒక్క పేజీ ఫలితం. ఆ పేజీలో ప్రశ్న, చేసిన పని, వచ్చిన అంకెలు రెండు వైపులవీ, తేలింది ఏమిటి, తేలనిది ఏమిటి. పొగడ్తలు వద్దు, ఫలితానికి సంబంధం లేని ఫోటోలు వద్దు. పద్ధతి పనిచేయకపోతే అదే పైన రాయండి. అలాంటి పేజీ చూసి వచ్చే అధికారి మరో మూడు నెలలు దాని మీద వృథా చేయడు.

ఫైలు చివర ఒక ఖాళీ కాగితం పెట్టి, తర్వాత పరీక్షించవలసిన ప్రశ్నలు రాస్తూ పోండి. సిబ్బంది టీ తాగుతూ అనేవి కూడా అందులో రాయొచ్చు. నడిచి ఆగడం, వ్యాన్‌లో ఆగడం, రెండిట్లో ఏది మేలు? సంతరోజు పొద్దున మైకులో చెబితే పర్సులు తక్కువ పోతాయా? చెక్‌పోస్టు డ్రమ్ముల్ని వారానికి మూడుచోట్లకి మారిస్తే రాత్రి ప్రమాదాలు ఎంత తగ్గుతాయి? ఈ మూడోదానికి ప్రాణాలు నిలబెట్టే అవకాశం ఉంది, ఖర్చు దాదాపు లేదు. వీలైతే దాంతోనే మొదలుపెట్టండి.